సీటు క్రింద వేడినీరు
పాత క్యాంపరు వ్యానులో హీటరు గొట్టములు మార్చిన సంగతి

మన పల్లెలలో కారు కొన్నవారెవరూ హీటరు గురించి అడుగరు. సంక్రాంతి ముందు మంచు కురిసే నాలుగు తెల్లవారుజాములు తప్ప దానితో మనకు పని లేదు గదా. కాని సంవత్సరములో సగము పైగా చలిగా ఉండే ఇంగ్లండులో, స్కాట్లండులో హీటరు పనిచేయని బండిని రోడ్డు మీదికి తీయడము ప్రమాదము. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు తలుపులు మూసుకుని కూర్చుంటే వారి ఊపిరికే ముందు అద్దము మసకబారుతుంది. వైపరు బయటి వానను తుడుస్తుందే గాని లోపలి ఆవిరిని తుడవలేదు. ఎదుట వచ్చే లారీ కనబడాలంటే ఆ అద్దము మీదికి వేడిగాలి రావలసిందే.

ఆ వేడి కోసము బండిలో వేరే పొయ్యి ఉండదు. ఇంజనును చల్లబరచడానికి దాని చుట్టూ నీరు తిరుగుతుందని ట్రాక్టరు ఉన్న ఇంటివారికి మేము చెప్పనక్కరలేదు. ఆ నీరు వేడెక్కి రేడియేటరులోకి వెళ్లి, చల్లారి, తిరిగి వస్తుంది. కారులో అయితే ఆ వేడినీటిలో కొంత భాగము బొటనవ్రేలంత లావు రబ్బరు గొట్టములో నుండి డాష్‌బోర్డు వెనుక ఉన్న మరొక చిన్న రేడియేటరుకు వెళ్తుంది. దాని మీద ఫ్యాను గాలి తోలుతుంది. అదే హీటరు. వెళ్లే గొట్టము ఒకటి, తిరిగి వచ్చే గొట్టము ఒకటి. ఈ వ్యాసములో మేము చెప్పబోయేది ఆ గొట్టముల సంగతే.

చూడడానికి ఎంతో చిన్నవి. అవి చిట్లితే హీటరు మాత్రమే పోతుందని, చలిని కాస్త ఓర్చుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. హీటరులో తిరిగేదీ ఇంజనులో తిరిగేదీ ఒకే నీరు. హీటరు గొట్టము పగిలితే ఇంజను నీరు కూడా అక్కడ నుండే రోడ్డు పాలవుతుంది. నీరు లేని ఇంజను కొద్ది నిమిషములలోనే పాడవుతుంది. అల్యూమినియము హెడ్డు ఉన్న ఇంజను అయితే హెడ్డు వంకర తిరుగుతుంది. కొద్దిపాటి ఖరీదు చేసే గొట్టము వలన ఇంజనునే పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ముందు రేడియేటరు, వెనుక ఇంజను

క్యాంపరు వ్యాను అంటే ఏమిటో తెలియని పాఠకులకు రెండు మాటలు. మన మెటాడోరు వ్యానంత బండిని ఊహించుకొనండి. దానిలోనే పడక, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బా, బట్టల అలమర అమర్చి ఉంటాయి. కొన్నిటికి పైకప్పు గొడుగులా పైకి లేస్తుంది. హోటలు ఖర్చు లేకుండా కుటుంబమంతా నాలుగు ఊళ్లు చూసి రావచ్చును. లీడ్సు పట్టణములో కాపురముంటున్న మేము కొన్నది 1986లో తయారైన ఫోక్స్‌వాగన్.

ఈ కంపెనీవారు ఇటువంటి వ్యాన్లను 1950 నుండి జర్మనీలో తయారు చేస్తూ వచ్చారు. అక్కడ తయారైన మొదటి రెండు తరముల బండ్లకు వెనుక భాగములో గాలితో చల్లబడే ఇంజను ఉండేది. నీరే లేదు గనుక నీటి గొట్టముల బాధ కూడా లేదు. 1979లో మూడవ తరము బండి వచ్చింది. జర్మనీలో దానిని టీ3 అంటారు, ఇంగ్లండులో టీ25, అమెరికాలో వనాగన్. అది కూడా మొదట గాలి ఇంజనుతోనే వచ్చింది. 1981లో నీటితో చల్లబడే డీజిలు ఇంజను, 1982 చివర అటువంటిదే పెట్రోలు ఇంజను పెట్టారు. అయితే ఇంజను స్థానము మారలేదు, వెనుకనే ఉంది. రేడియేటరును మాత్రము ఎదురుగాలి తగిలేలా ముందు పెట్టారు. అందువలన వేడినీరు నాలుగున్నర మీటర్ల బండి పొట్ట క్రింద ఆ చివర నుండి ఈ చివరకు వెళ్లి, మరల వెనుకకు రావాలి. చిన్న కారులో ఐదారు లీటర్ల నీరు సరిపోయే చోట ఈ బండికి 17 లీటర్లకు పైగా పడుతుంది.

హీటర్లు కూడా రెండు. ఒకటి డ్రైవరు ముందు, డాష్‌బోర్డు వెనుక. రెండవది వెనుక సీటు క్రింద. పగలు పిల్లలు కూర్చునేది, రాత్రి వెనక్కి వాల్చితే పడక అయ్యేది ఆ సీటే. ఆ పలక క్రిందనే, పిల్లల పిక్కలకు జానెడు దూరములో, 90 డిగ్రీల వేడినీరు ఒత్తిడితో తిరుగుతూ ఉంటుంది. మూత బిగించిన డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది గనుక ఈ నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. కాని గొట్టము చిట్లిన క్షణములో ఆ ఒత్తిడి పోతుంది. నీరు పొంగి ఆవిరిగా ఎగజిమ్ముతుంది. అన్నము కుండ మూత ఒక్కసారిగా తీస్తే చేతికి ఎట్లా కాలుతుందో ఇంటి ఇల్లాలికి తెలుసు.

రబ్బరు ఎట్లా పాడవుతుంది?

బండి ఎక్కువ తిరగలేదు గనుక గొట్టములు బాగుంటాయని అమ్మేవారు చెబుతుంటారు. టైర్ల విషయములో ఆ మాట కొంతవరకు ఒప్పుకోవచ్చును గాని గొట్టముల విషయములో ఒప్పుకోకూడదు. వాటిని ముసలివి చేసేది మైళ్ల కంటె ఎక్కువగా ఏండ్లే. వేడికి రబ్బరు గట్టిపడుతుంది. గాలిలోని ఓజోను వలన పైన సన్నని పగుళ్లు వస్తాయి. ఇంజను ఆయిలు తగిలితే ఈ రకపు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇవన్నీ కంటికి కనబడేవే.

కనబడనిది ఇంకొకటి ఉన్నది. ఇంజనులో ఇనుము, అల్యూమినియము, ఇత్తడి వంటి వేరు వేరు లోహములు ఉంటాయి. వాటి మధ్య తిరిగే కూలెంటు నీరు విద్యుత్తును పారనిస్తుంది. అంటే బ్యాటరీలో జరిగేటటువంటి పనే ఇక్కడ కొంచెము కొంచెముగా జరుగుతూ ఉంటుంది. దాని ప్రభావము వలన గొట్టము లోపలి పొరలో నిలువుగా వెంట్రుకవాసి చీలికలు పడతాయి. చీలికలలో నుండి నీరు మధ్య పొరలోని దారపు అల్లికలోకి చేరుతుంది. గొట్టమునకు బలము ఇచ్చేది ఆ అల్లికే. అది కుళ్లిన తరువాత ఒక రోజు, బహుశా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, గొట్టము పగులుతుంది. అంతవరకు పైన నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఈ చెడు ఎక్కువగా కనిపించేది గొట్టము కొసల వద్ద, లోహపు నిపుల్‌కు తగిలిన చోట నుండి రెండు అంగుళముల లోపల. కావున ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత ఆ చోటును బొటనవ్రేలు, చూపుడువ్రేలు మధ్య నొక్కి చూడవలెను. తరువాత గొట్టము నడుమ నొక్కవలెను. కొస మెత్తగా, నడుమ గట్టిగా ఉంటే, లేక నొక్కినప్పుడు లోపల కరకరమన్నట్లు చేతికి తెలిస్తే, దాని పని అయిపోయినట్లే.

మా బండిలో సంగతి 2018 సెప్టెంబరులో బయటపడింది. ముందుగా తెలిసింది ముక్కుకు. హీటరు వేసినప్పుడల్లా పలచని బెల్లపు పాకము వంటి తియ్యని వాసన. రెండు రోజుల తరువాత ముందు అద్దము లోపలి వైపు జిడ్డు పొర పట్టింది. గుడ్డతో తుడిస్తే పోదు, ఇంకా పులుముకుంటుంది. నీళ్ల డబ్బాలో మట్టము వారానికి వ్రేలెడు చొప్పున తగ్గుతోంది. వెనుక సీటు క్రింద తివాచీ ఎత్తి చూస్తే నీలిరంగు చెమ్మ. ఈ నాలుగు గుర్తులలో ఏ రెండు కలిసి కనబడినా హీటరునో దాని గొట్టములనో అనుమానించవలెను. వాన నీరైతే వాసన ఉండదు, జిడ్డు ఉండదు.

అక్టోబరు చివర పిల్లల బడికి వారము రోజులు సెలవు. స్కాట్లండు ఉత్తర భాగమున ఉన్న ఇన్వర్‌నెస్ వరకు వెళ్లాలని అంతకు ముందే అనుకున్నాము. సుమారు 600 కిలోమీటర్లు. ఏ9 అనే ఆ రహదారి డ్రమోక్టర్ కనుమ దగ్గర 460 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అక్టోబరులోనే అక్కడ మంచు పడవచ్చును. చేతిలో అయిదు వారములు మాత్రమే ఉన్నాయి.

ఒకటి మార్చాలా, అన్నీ మార్చాలా?

దగ్గరలోని ఒక గ్యారేజీవారు చూసి సులువైన ఉపాయము చెప్పారు. వెనుక హీటరుకు వెళ్లే రెండు గొట్టములను కోసి, ఆ రెండు కొసలను ఒక ముక్కతో కలిపేస్తే అది నీటి దారిలో నుండి తప్పిపోతుంది. అరగంట పని. ఈ రకము బండ్లున్నవారు చాలామంది అదే చేస్తారు, దానిలో తప్పేమీ లేదు. కారే చోట్లు తగ్గుతాయి, నిజమే. కాని మా లెక్క వేరు. వెనుక కూర్చునే పిల్లలకు ముందు హీటరు వేడి చాలదు. అంతకంటె ముఖ్యమైనది, కారిన గొట్టము ఏ సంవత్సరపుదో మిగిలినవన్నీ ఆ సంవత్సరపువే. ఒకటి చెప్పి పోయింది, తక్కినవి చెప్పకుండా పోతే?

ఆ రోజులలో మాలో ఒకరికి తండ్రి, ఒకరికి మామగారు అయిన పెద్దాయన బాపట్ల దగ్గర మా ఊరి నుండి వచ్చి మా ఇంట ఉన్నారు. ముప్పది ఏండ్లు సొంత ట్రాక్టరు నడిపి, దాని మరమ్మతులు చాలావరకు తానే చేసుకున్న మనిషి. ఇంగ్లీషు గ్యారేజీవారి మాట ఆయనకు అర్థము కాలేదు గాని బండి అర్థమయ్యింది. పంచె ఎగగట్టి క్రిందికి దూరి ఒక్కొక్క గొట్టమును నొక్కుకుంటూ వెనుక నుండి ముందుకు వచ్చారు.

“పైకి చూస్తే కొత్తదానిలా ఉంది బాబూ, లోపల పోయింది. పుచ్చు వంకాయ కొయ్యకముందు తెలుస్తుందా?” అన్నారు.

“ఏది మామయ్యా?”

“ఏదేమిటి? మూడు పోయినాయి. నాలుగోది రేపో మాపో. అన్నీ మార్చెయ్యండి.”

ఒకసారి కోతల సమయములో వడ్ల లోడుతో వస్తుండగా తన ట్రాక్టరు రేడియేటరు గొట్టము చిట్లితే సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పురికొస బిగించి, కాలువ నీళ్లు పోసుకుంటూ ఇల్లు చేరానని అప్పుడు చెప్పారు. మేము నవ్వితే ఆయన నవ్వలేదు. పొలము గట్టున ఆగితే నష్టము లేదు, గంటకు వంద కిలోమీటర్లతో బండ్లు పోయే రోడ్డులో పిల్లలతో ఆగకూడదు అన్నారు. అన్నీ మార్చడానికే నిశ్చయించుకున్నాము.

ఇక్కడ ఒక మాట. ఇంగ్లండులో బండ్లకు ఏటేటా ఎం.ఓ.టి. అనే పరీక్ష ఉంటుంది. 2018 మే 20 నుండి, పెద్ద మార్పులు చేయని 40 ఏండ్లు దాటిన బండ్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదన్నారు. పాత బండ్లవారికి ఇది సంతోషమే గాని, అన్నిటి కంటె ముసలి బండి క్రిందకే ఎవరూ తొంగి చూడనక్కరలేదన్న మాట. మాకు ఆ ఏర్పాటు అంతగా నచ్చలేదు.

పని జరిగిన తీరు

కావలసిన సామాను తెప్పించుకోవడానికే వారము పట్టింది. మెలిక తిరిగిన గొట్టములు ఆ మెలికతోనే పోతపోసి అమ్ముతారు. తిన్నని గొట్టమును బలవంతముగా వంచితే వంపు దగ్గర నలిగి చప్పిడి అవుతుంది, నీరు పారదు. కావున మెలికలున్న చోట అచ్చు గొట్టములు, పొట్ట క్రింద పొడవునా పోయే చోట తిన్నని గొట్టము, మొత్తము మీద సుమారు 9 మీటర్లు తీసుకున్నాము. హీటరు గొట్టములు సాధారణముగా లోపలి కొలత 16 లేక 19 మిల్లీమీటర్లు ఉంటాయి. పాత గొట్టము ఉబ్బి ఉంటుంది గనుక దానిని కొలవకూడదు, అది తొడిగిన నిపుల్‌ను కొలవవలెను. గొట్టము మీద ఎస్.ఏ.ఇ. జే20 అనే ప్రమాణము అచ్చు వేసి ఉన్నదా అని చూసుకున్నాము. తోటకు నీళ్లు పెట్టే పైపు, పెట్రోలు పైపు చూడడానికి ఇట్లాగే ఉంటాయి, చవక కూడా. మరిగే నీటికి తోట పైపు నిలువదు.

శనివారము ఉదయము బండిని జాకీతో లేపి గట్టి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాము. జాకీ ఒక్కదానిని నమ్మి గాని, ఇటుకలు పేర్చి గాని బండి క్రిందికి ఎవరూ దూరరాదు. ఇటుక ఎప్పుడు పగులుతుందో ఇటుకకే తెలియదు.

ఇంజను రాత్రంతా చల్లారి ఉంది. క్రింద వెడల్పాటి తొట్లు పెట్టి పాత కూలెంటు దింపాము. ఇక్కడ తల్లులు జాగ్రత్తగా వినవలెను. కూలెంటులో ఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రవము ఉంటుంది. చలిలో నీరు గడ్డకట్టకుండా కాపాడేది అదే. సగము నీరు, సగము అది కలిపితే సున్నకు దిగువ 35 డిగ్రీల వరకు గడ్డకట్టదు. కాని అది విషము. పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు రుచి చూసి వదలరు. పిల్లికైతే ఒక టీ చెంచాడు చాలు ప్రాణము పోవడానికి. మూత్రపిండములు దెబ్బతింటాయి, మొదటి గంటలలో మాత్రము త్రాగినవాడిలా తూలడము తప్ప ఏమీ తెలియదు. ఎవరైనా మింగితే లక్షణముల కోసము చూడక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. మేము తొట్లు నిండిన వెంటనే మూతలున్న క్యానులలో పోసి, నేల మీద ఒలికినది నీళ్లతో కడగకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తివేశాము. కడిగితే ఆ నీరు ప్రక్కింటి పిల్లి దగ్గరకే పోతుంది. క్యానులను తరువాత మునిసిపాలిటీవారు ఇటువంటివి తీసుకునే కేంద్రములో అప్పగించాము.

ముప్పది ఏండ్ల గొట్టము నిపుల్‌కు అతుక్కుపోయి ఉంటుంది. మెలితిప్పి లాగితే గొట్టమునకు ఏమీ కాదు, హీటరు నిపుల్ విరుగుతుంది. ముందు హీటరు బయటికి తీయాలంటే డాష్‌బోర్డు అంతా విప్పాలి. కావున పదునైన చాకుతో గొట్టమును నిలువునా చీల్చి, అరటి తొక్క ఒలిచినట్లు ఒలిచాము. చీల్చిన మొదటి ముక్కను పెద్దాయన విప్పి చూపించారు. లోపల నిలువుగా, దువ్వెనతో గీసినట్లు, కొసన రెండు అంగుళముల మేర చీలికలు. బయట ఒక్క గీత లేదు.

గొట్టములను కలిపే టీ ఆకారపు ప్లాస్టిక్ ముక్కలు ముట్టుకుంటే పొడి అయ్యే స్థితిలో ఉన్నాయి. ఒకటి చేతిలోనే రెండుగా విరిగింది. ప్లాస్టిక్‌కు కూడా వేడి, వయస్సు తప్పవు గదా. వాటి స్థానములో స్టీలువి వేశాము. కొత్త గొట్టము కొస తడిపి, కొంచెము కూలెంటు రాసి తొడిగితే జారుతుంది. గ్రీజు గాని ఆయిలు గాని రాయకూడదు; ఆ రబ్బరుకు ఆయిలే శత్రువు.

బిగించే క్లిప్పుల గురించి ఒక ముచ్చట. స్క్రూ త్రిప్పితే పట్టీ బిగిసే క్లిప్పును ఇంగ్లండులో జూబిలీ క్లిప్పు అంటారు. లమ్లీ రాబిన్‌సన్ అనే నౌకాదళ కమాండరు 1921లో దానికి పేటెంటు పొందారు. నూరేండ్లు దాటినా దాని రూపము పెద్దగా మారలేదు. మన బోరు పైపుల దగ్గర కూడా మోటారు మెకానిక్కులు వాడేది ఆ జాతి క్లిప్పే. దానిని బలమంతా పెట్టి బిగించడము మన అలవాటు. హీటరు నిపుల్ సన్నని లోహము, కొన్నిటికి ప్లాస్టిక్. అదిమితే నలుగుతుంది, పట్టీ అంచు రబ్బరును కోస్తుంది. క్లిప్పును గొట్టము అంచు నుండి కొద్దిగా లోపలికి, నిపుల్ ఉబ్బుకు ఆవల పెట్టి, రబ్బరు పట్టీ రంధ్రములలో నుండి పొంగకముందే ఆపవలెను.

పొట్ట క్రింద పోయే గొట్టము ఇనుప అంచులకు రాసుకునే చోట్ల పాత గొట్టము ముక్కలనే చీల్చి తొడుగులుగా వేశాము. ఇది పెద్దాయన ఆలోచన. రెండు శనివారములు, మధ్యలో కొన్ని సాయంత్రములు పట్టింది. ఆదివారము పని ముట్టలేదు.

గాలి తీయడము

గొట్టములు మార్చడము కంటె ఈ బండిలో కష్టమైన పని తరువాత వస్తుంది. బావి మోటారు పైపులోకి గాలి చేరితే మోటారు ఎంత తిరిగినా నీరు ఎక్కదని రైతులందరికీ తెలుసు. ఇక్కడ కూడా అంతే. 17 లీటర్లు దింపి నింపితే, ఆ పొడవాటి దారిలో ఎక్కడో ఒక చోట గాలి బుడగ నిలుస్తుంది. నిలిస్తే హీటరు చల్లగాలి ఇస్తుంది. అది చిన్న బాధ. ఇంజనులో నిలిస్తే ఆ చోటుకు నీరు అందక లోహము కాలుతుంది. అది పెద్ద బాధ. కొత్త గొట్టములు వేసి, గాలి సరిగా తీయక ఇంజను పోగొట్టుకోవడము ఎంత అన్యాయము!

గాలి ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. అందుకని బండి ముందు భాగమును సుమారు 40 సెంటీమీటర్లు ఎత్తమని కంపెనీవారి పుస్తకమే చెబుతుంది. ఎత్తాము. ముందు హీటరు మీటను పూర్తిగా వేడి వైపు, వెనుక హీటరు వాల్వును పూర్తిగా తెరిచి ఉంచాము. ఇవి మూసి ఉంటే హీటర్లలోని గాలి అక్కడే ఉండిపోతుంది. రేడియేటరు పైకొసన గాలి తీసే స్క్రూ ఉంటుంది, దానిని వదులు చేశాము. ఒకరు వెనుక ఇంజను దగ్గర నిలబడి డబ్బాలో కొత్త కూలెంటు పోస్తుంటే, ఒకరు యాక్సిలరేటరు మీద కాలు పెట్టి ఇంజనును నిమిషమునకు 2000 చుట్ల దగ్గర నిలిపితే, పెద్దాయన ముందు స్క్రూ దగ్గర కూర్చుని అరుస్తున్నారు: “ఇంకా గాలే... ఇంకా గాలే... నురగ... ఆఁ, ధార!” ధార బుడగ లేకుండా వచ్చాక స్క్రూ బిగించాము. మట్టము పడిపోతే మరల పోశాము. ఈ పని మూడుసార్లు చేయవలసి వచ్చింది, గంటకు పైగా పట్టింది.

గాలి పోయినదని ఎట్లా తెలుసుకోవాలి? హీటరుకు వెళ్లే గొట్టము, తిరిగి వచ్చే గొట్టము రెండూ వేడెక్కాలి. ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే నీరు లోపలే నిలిచిందన్న మాట.

కూలెంటు రంగుల గురించి కూడా చెప్పవలెను. ఈ బండ్లకు కంపెనీవారు మొదట వాడినది నీలి రకము. తరువాతి కాలపు ఎర్ర రకమును దానితో కలిపితే బురద వంటి గోధుమరంగు మడ్డి ఏర్పడి, హీటరులోని సన్నని దారులను మూసివేస్తుంది. ఏది వాడినా అదే పోయవలెను. కలిపే నీరు బ్యాటరీలో పోసే డిస్టిల్డు నీరు అయితే సున్నపు పొర పట్టదు.

ప్రయాణము బాగా జరిగింది. కనుమ మీద వాన, మంచు కలిసి కొట్టాయి. అద్దము అద్దములాగే ఉంది. రాత్రి బండి ఆపిన తరువాత మాత్రము ఈ హీటరు పనిచేయదు, ఇంజను తిరిగితేనే దానికి వేడి. కొందరు చలికి తాళలేక గ్యాసు పొయ్యి వెలిగించి తలుపులు మూసుకుని పడుకుంటారు. అది ఎన్నడూ చేయకూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీస్తుంది. మన ఊళ్లలో చలికాలము బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకోవడమూ అదే ప్రమాదము. మేము దుప్పట్లు, వేడినీళ్ల సంచులతో గడిపాము.

మన ఊరి బండ్లకు

క్యాంపరు వ్యాను మన ఊళ్లలో లేకపోయినా ఈ గొట్టములు ఉన్నాయి. ఏ.సి. ఉన్న కారులో ఎర్ర గుర్తు వైపు తిరిగే మీట దేనికని ఎప్పుడైనా ఆలోచించారా? దాని వెనుక హీటరు ఉంది, దానికి ఈ రెండు గొట్టములూ ఉన్నాయి. మీరు వాడకపోయినా వాటి వయస్సు పెరుగుతూనే ఉంటుంది. ట్రాక్టరుకు హీటరు లేదు గాని రేడియేటరు పై గొట్టము, క్రింది గొట్టము అదే రబ్బరు. సర్వీసింగు చేయించిన రోజున బండి చల్లారాక కొసలు నొక్కి చూసుకొనవచ్చును. వేడి మీద రేడియేటరు మూత తీసి ముఖము, చేతులు కాల్చుకున్నవారిని మన ఆసుపత్రులలో ఇప్పటికీ చూస్తాము. గుడ్డ కప్పి తీసినా ప్రమాదమే, గంట ఆగడమే మార్గము.

ఇంకొక ఉపాయము చాలామందికి తెలియదు. కారు ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే, ఆగే చోటు దొరికే వరకు ఏ.సి. ఆపి హీటరును పూర్తి వేడిలో, ఫ్యానును పూర్తి వేగములో పెట్టవలెను. మే నెలలో ఇది హింసగానే ఉంటుంది. కాని ఆ చిన్న రేడియేటరు కొంత వేడిని లాగి ఇంజనును కాపాడుతుంది. నీరే కారిపోయి ఉంటే మాత్రము ఈ ఉపాయము పనిచేయదు, వెంటనే ఆపవలసిందే.

కొత్త గొట్టము మొదటి వేడికి కొంచెము అణుగుతుంది గనుక రెండు వందల కిలోమీటర్ల తరువాత, బండి చల్లగా ఉన్నప్పుడు, క్లిప్పులన్నీ మరొక పావు చుట్టు బిగించాము. మిగిలిన మీటరు గొట్టము, నాలుగు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవరు, ఒక చాకు, కలిపి ఉంచిన అయిదు లీటర్ల కూలెంటు వెనుక అలమరలో పిల్లలకు అందని పై అరలో ఉన్నాయి. క్యాను మీద పెద్ద అక్షరములతో తెలుగులోను, ఇంగ్లీషులోను విషము అని వ్రాశాము.